హామీ పత్రంలో మూడో లైను

మా సర్కిల్ దగ్గర ఇరవై ఏళ్ల కుర్రాడు ఎవడు పోలీసులకు చిక్కినా, సాయంత్రానికల్లా నా షాపు మెట్లు ఎక్కాల్సిందే. స్టేషన్‌కు సరిగ్గా ఎదురుగా నాది జెరాక్స్ షాపు. తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా జెరాక్సులు, లామినేషన్లు, దరఖాస్తుల మీదే బతుకుతున్నాను. వాటితో పాటు హామీ పత్రాలు. ఒకే బండి మీద ముగ్గురు వెళ్లడం, సైలెన్సర్ కోయించుకుని వీధంతా అదరగొట్టడం, బైపాస్ పక్కన బీరు సీసాలు తెరవడం, ఫ్లైఓవర్ మధ్యలో బండి సీటు మీద పుట్టినరోజు కేకు కోయడం. ఇలాంటి వాటికి మొదటిసారి మా స్టేషన్లో కేసు కట్టరు. ఇంట్లో పెద్దవాళ్లను పిలిపించి, నాలుగు తిట్టి, ఇకమీదట చెయ్యనని రాయించుకుని, కింద తల్లిదో తండ్రిదో సంతకం తీసుకుని వదిలేస్తారు. ఆ రాసిపెట్టేది నేను.

రాసేది ఏముందిలే, కంప్యూటర్లో ఫారం సిద్ధంగా ఉంటుంది. పేరు, ఊరు, చేసిన తప్పు నింపి ప్రింటు కొట్టడమే. మొదటి లైనులో పేరు, రెండో లైనులో తప్పు. మూడో లైను ఎవరికైనా ఒకటే: "స్నేహితుల ప్రోద్బలం వల్ల, తెలియక, తొందరపాటులో ఈ తప్పు చేసితిని."

ఆ లైను నా సొంతం. షాపు పెట్టిన కొత్తలో నగరి నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక పిల్లవాడు పట్టుబడ్డాడు. వాళ్లమ్మ మగ్గం పని వదిలేసి మొదటి రైలుకే వచ్చి, నా షాపు ముందు కూర్చుని ఏడ్చింది. అప్పటి ఎస్సై మహా కోపిష్టి. ఆయన మనసు కరగాలని ఆ మాట రాశాను. కరిగింది. స్టేషన్లో కాగితాలూ రికార్డులూ రాసే రైటర్ రోడ్డు దాటి వచ్చి మరీ మెచ్చుకున్నాడు. "ఇది బాగుండాదబ్బా, అందరికీ ఇదే పెట్టు" అన్నాడు. నేనేదో పెద్ద కవినైనట్టు ఆ రోజంతా మురిసిపోయాను.

ఇప్పుడా లైను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లలో దాన్ని చదివి సంతకం పెట్టినవాడు ఒక్కడు లేడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పెన్ను. ఒకడు మూడుసార్లు వచ్చాడు. మూడోసారి బండి మీద వాడొక్కడే ఉన్నాడు. అయినా ఫారంలో స్నేహితుల ప్రోద్బలమే. "ఎవుర్రా నీ ఫ్రెండు, సైలెన్సరా?" అని అడిగితే పళ్లికిలించాడు. ఓటు వెయ్యడానికి పెద్దవాళ్లే, పెళ్లికి పెద్దవాళ్లే, చేసిన పని నేనే చేశాను అనడానికి మాత్రం పసిపిల్లలు.

పోలీసుల మీద కూడా నాకేం తక్కువ కోపం లేదు. ఒకే రోజు, ఒకే తప్పుకు ఇద్దరిని తెచ్చారు. పలమనేరు పక్క నుంచి పాల వ్యాను తోలుకుంటూ వచ్చే మనిషి కొడుకు పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. రెండోవాడికి ఎక్కడినుంచో ఒక ఫోను వచ్చింది, వాడు టీ తాగి వెళ్లిపోయాడు. ఫోను చేసేవాళ్లు లేనివాళ్లకే నా ఫారం. నెల చివరొస్తే హెల్మెట్లు గుర్తొస్తాయి, కొండకు పెద్దమనుషులు వస్తే అన్నీ మరిచిపోతారు. ఇదంతా చూస్తూ చూస్తూ నేను సాయంత్రాల్లో ఇంట్లో ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని. వినేది మా అమ్మాయి.

మా అమ్మాయి అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాయుడుపేట దగ్గర ఒక కంపెనీకి కాలేజీలోనే ఎంపికైంది. పరీక్షలయ్యాక చేరాలి. పోలీసు వెరిఫికేషన్ కాగితం కావాలన్నారు, దాని దరఖాస్తు నా చేత్తో నేనే నింపాను. మా ఇంట్లో నెల జీతం అందుకోబోతున్న మొదటి మనిషి ఆ పిల్ల. ఆ సంగతి నేను టీ అంగడి దగ్గర అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.

ఆ రోజు ఐదు గంటలప్పుడు సర్కిల్లో డ్యూటీ చేసే హోంగార్డు కుంటుకుంటూ నా షాపుకు వచ్చాడు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. రోజూ పక్క అంగట్లో ఇద్దరం టీ తాగుతాం. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, లోపల రక్తం కనబడుతోంది.

"ఏమైందన్నా?" అన్నాను.

"ఏమనుకోబాకబ్బా. మీ పాప."

నాలుగు గంటలకు రాంగ్ రూట్లో ఒక స్కూటీ వచ్చిందట. ముగ్గురు ఆడపిల్లలు. ఈయన చెయ్యి ఎత్తాడు. బండి ఆగకుండా ఆయన్ను రాసుకుంటూ పోయింది. వెనక్కి జరగబోయి డివైడరు రాయి తగిలి పడ్డాడు. నంబరు ప్లేటు మీద మాస్కు కట్టి ఉంది.

"నంబరు కనపళ్ళేదు గానీ, ముందర నీ షాపు స్టిక్కరుండాది గదా" అన్నాడు, తనే తప్పు చేసినట్టు నేల చూస్తూ. "నేను సెప్పేవాణ్ని కాదు. పక్కన కానిస్టేబులు సూసి వైర్‌లెస్ సెట్లో సెప్పేసినాడు. పాపను తీసుకోని స్టేషనుకు రమ్మంటా ఉండారు."

ఆయన వెళ్లగానే ఫోను చేశాను, పది నిమిషాలకు మా అమ్మాయి వచ్చింది. బండి షాపు ముందర పెట్టింది. మాస్కు అప్పటికే తీసేసింది. మొహం పాలిపోయి ఉంది కానీ మాట మాత్రం మామూలుగానే ఉంది.

"నాయనా, ఆ ఫారం ఒకటి కొట్టియ్యి. నా పేరు పెట్టి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమని కొట్టియ్యల్ల?"

"అదే, అందరికీ కొట్టిస్తావు గదా. ఫ్రెండ్సు ప్రోద్బలం, తెలీక."

"మాస్కు తెలీక కట్టినావా? గాలికి ఎగిరొచ్చి దాని చెవులు అదే తగిలిచ్చుకున్నిందా?"

"అందరికీ ఇస్తావు. నాకెందుకియ్యవు?"

జవాబు లేనప్పుడు మనిషికి గొంతు పెరుగుతుంది కదా, నాకూ పెరిగింది. షాపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారని కూడా చూడలేదు. ట్రేలోంచి ఒక తెల్ల కాగితం లాగి ఆమె ముందు పెట్టాను. "జరిగింది జరిగినట్టు రాయి. నీ చేత్తో. ఒక్క ముక్క దాచినావంటే ఊరుకోను" అన్నాను.

లామినేషన్ మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. మధ్యలో ఒకసారి తలెత్తి నన్ను చూసి, మళ్లీ దించుకుంది. నేను ఎవరిదో ఆధార్ కార్డు జెరాక్స్ తీస్తూ, లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఊరి పిల్లలకు చేతగానిది నా కూతురి చేత చేయిస్తున్నాననుకున్నాను.

కాగితం నేను చదవలేదు. అంతలోనే స్టేషన్ నుంచి కేక వినబడితే అలాగే మడిచి పట్టుకుని ఇద్దరం రోడ్డు దాటాం. ఎస్సై బందోబస్తుకు వెళ్లాడు. రైటర్ ఒక్కడే ఉన్నాడు. హోంగార్డు బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. రైటర్ కాగితం విప్పి, ఇది మామూలు ఫారం కాదని చూసి, తమాషాగా పైకే చదవడం మొదలుపెట్టాడు.

"రాంగ్ రూట్లో వచ్చింది నేనే. ఇద్దరిని ఎక్కించుకున్నదీ నేనే. యూటర్న్ దాకా పోదామని వాళ్లు చెప్పినారు, నేను వినలేదు. హోంగార్డు సారు చెయ్యెత్తడం చూసినాను. ఆయన పడింది అద్దంలో చూసినాను. ఆగితే దొరికిపోతానని ఆగలేదు. నంబరు ప్లేటుకు మాస్కు కట్టింది నేనే. అది కరోనాప్పుడు మా షాపులో అమ్మగా మిగిలిపోయిన డబ్బాలోది. మాస్కు సంగతి మా నాయనకు తెలుసు. రెండుసార్లు చూసినాడు. ఏమీ అనలేదు."

రైటర్ ఆగి, కళ్లజోడు మీదనుంచి నన్ను చూశాడు.

నా పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. ఆమె రాసింది నిజం. అంతకు ముందు ఆమె తోలినప్పుడు పడిన రెండు చలానాలు, బండి నా పేరున ఉంది కాబట్టి, నా ఫోనుకు వచ్చాయి. ఇల్లు దద్దరిల్లేట్టు అరిచాను. ఆ తర్వాత చలానాలు రావడం ఆగిపోయింది. ఒక పొద్దున బండి స్టాండు తీస్తుంటే ప్లేటు మీద మాస్కు వేలాడుతోంది. ఎందుకుందో నాకు తెలియకేం? పక్కకు నెట్టాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఉంది. ఈసారి పక్కకు కూడా నెట్టలేదు. పోనీలే, పిల్ల తెలివైనది అనుకున్నాను.

రైటర్ నవ్వాడు. "ఏంది పాపా ఇది, ఎఫ్ఐఆర్ నువ్వే రాసుకోనొచ్చినావే! మీ నాయన్ను గూడా ఇరికిచ్చినావే!" తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇది ఫైల్లో పెడితే డ్యూటీలో ఉండే మనిషిని గుద్ది పారిపోయినట్టబ్బా. కేసు కట్టకుండా నేనెట్లుంటా? కట్టినానంటే వెరిఫికేషన్లో పడతాది, నాయుడుపేట ఉద్యోగం గోవిందా. ఏం మనిషివి నువ్వు? పో, పొయ్యి నీ ఫారం తేపో."

నాకు కోపం రావాలి. నిజం రాసిస్తే వద్దని అబద్ధం అడుగుతున్న స్టేషన్ మీద, పద్దెనిమిదేళ్లుగా ఊరంతటికీ పంచిన నా మూడో లైను మీద కోపం రావాలి. రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది, కానీ అనిపించింది అదే. ఉద్యోగం నిలబడినందుకు కొంచెం, నా పేరున్న కాగితం ఫైల్లోకి పోనందుకు కొంచెం.

రోడ్డు దాటి షాపుకు వెళ్లాను. పేరు కొట్టాను. తప్పు అన్నచోట ట్రిపుల్ రైడింగ్ అని కొట్టాను. ప్రింటు తీసి తెచ్చి ఆమె చేతికిచ్చాను.

మా అమ్మాయి ఆ ఫారాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. నాకు తెలిసి దాన్ని చదివిన మొదటి మనిషి ఆమే.

"నేను పడేసిన మనిషి ఇందులో యాడుండాడు సార్?" అని అడిగింది.

"సంతకం పెట్టమ్మా. టైమవతాది" అన్నాడు రైటర్.

పెట్టింది. కింద హామీదారు అన్నచోట నేను పెట్టాను. రైటర్ మొదటి కాగితాన్ని పక్కకు తోసేశాడు. దాన్ని తీసుకుని చించేయాలని నేను చెయ్యి చాపేలోపల, హోంగార్డు బెంచీ మీదనుంచి వంగి అందుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయన్ను అడిగే మొహం నాకు లేదు. మా అమ్మాయి ఆయన ముందుకు వెళ్లి నిలబడింది. చిరిగిన ప్యాంటులోంచి కనబడుతున్న మోకాలిని చూసింది.

బయటికి వచ్చాక రోడ్డు దాటుతూ అడిగింది. "జరిగింది జరిగినట్టు రాయమన్నావు గదా నాయనా?"

"అన్నాను."

"మరి?"

బస్సు వస్తోందని చెయ్యి పట్టుకుని లాగాను.

ఆ తర్వాత నేను కంప్యూటర్లో మూడో లైను తీసేశాను. మూడు రోజులు సాగింది. నాలుగో రోజు ఒక కుర్రాడు స్టేషన్ నుంచి వెనక్కి వచ్చాడు. "అన్నా, తెలీక అనే లైను లేదంట, సార్ తిడతా ఉండాడు" అన్నాడు. తెలిసే చేశానని రాసిస్తా, తీసుకెళ్తావా అని అడిగాను. వాడు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఇంకో సందులో కొత్తగా ఒక జెరాక్స్ షాపు తెరిచారు, వాళ్ల దగ్గరా నా ఫారమే ఉందట, మూడో లైనుతో సహా. లైను మళ్లీ పెట్టేశాను. అంతకంటే నేను ఊడబొడిచిందేమీ లేదు.

అమ్మాయి ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే బస్సుకు పోతుంది. ఇంట్లో ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నా ఉపన్యాసాలు కూడా ఆగిపోయాయి.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున షాపు తీస్తుండగానే హోంగార్డు వచ్చాడు. ఆ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, దాంట్లోంచి ఆ కాగితం తీశాడు. మడతల దగ్గర నలిగి, చెమటకు కొంచెం పచ్చబడింది.

"దీన్ని లామినేషన్ చేసియ్యబ్బా. సినిగిపోయేటట్టుండాది."

నేను కాగితం అందుకుని మడతలు విప్పాను.

"ఇరవై రెండేండ్లు ఈ రోడ్డు మీద నిలబడినాను. ఎంతమంది గుద్దిపోయినారో లెక్కలేదు. నేను పడింది సూసినాను అని రాసిచ్చింది మీ పాపొక్కతే" అన్నాడు. ఎగతాళి లేదు, దెప్పడం లేదు. కాగితం చివర నా గురించి ఉన్న మూడు ముక్కలు ఆయనకు పట్టినట్టే లేదు. పట్టినా నాతో అనే మనిషి కాదు.

మిషను ఆన్ చేశాను. వేడెక్కేదాకా ఇద్దరం టీ తాగాం. కాగితాన్ని కవర్లో పెట్టి, మడతలు వేలితో సర్ది, రోలర్ల మధ్యకు తోశాను. మా అమ్మాయి గుండ్రటి అక్షరాలు ఒక్కొక్క లైనే లోపలికి పోయాయి. అవతల పక్కనుంచి వెచ్చగా, గట్టిగా బయటికొచ్చింది. చివరి లైను అడుగున స్పష్టంగా ఉంది. రెండుసార్లు చూసినాడు. ఏమీ అనలేదు. ఇక దాన్ని నేను చించాలన్నా చినగదు.