పడవ మీద పావుగంట ఉపన్యాసం

ఆ రోజుల్లో నాకు జవాబు తెలియని ప్రశ్నంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, విశాఖ పోర్టు దగ్గర ఓ షిప్పింగ్ ఆఫీసులో మొదటి ఉద్యోగం, సంచీలో ఎప్పుడూ ఓ స్త్రీవాదం పుస్తకం. (సగమే చదివానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మిగతా సగం నాకే తెలుసనుకున్నాను.) ఆడా మగా తేడా అంతా పెంపకంలోనే ఉందని టీ తెచ్చే ఆయన దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ చెప్పేశాను. దాంతో మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పేసరికి చుట్టుపక్కల కుర్చీలు ఖాళీ అయిపోయేవి. నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చిపడ్డవాళ్ళం. ఇక్కడ చుట్టాలు తక్కువ, నాకు స్నేహితులు అంతకంటే తక్కువ.

లేచి వెళ్ళకుండా కూర్చునేది మా ఆఫీసులోనే పనిచేసే పిల్ల ఒక్కతే. యారాడ నుంచి బస్సులో కొండ దిగి వచ్చేది, వాళ్ళది సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. నేను తనని 'యారాడ' అనేదాన్ని, తను నన్ను 'గోదారమ్మ' అనేది. చేపల పులుసు నా గిన్నెలో వేస్తూనే వాదించేది. "తేడా నేదంతన్నావేటే? మా అయ్య సేపలు పడతాడు, మా అమ్మ అమ్ముతాది. ఎవల పని ఆలది. మా అమ్మని నువ్వు ఉద్దరించక్కర్నేదు, ఆవిడే ఊరందర్నీ ఉద్దరించేత్తాది." "అదే అణచివేత! మీ అమ్మ వేటకెందుకు వెళ్ళదు?" అనేదాన్ని నేను, నోట్లోంచి ముల్లు తీసుకుంటూ.

ఓ ఆదివారం తను ఇంటికి భోజనానికి పిలిచింది. అంతవరకూ ఈ ఊళ్ళో నన్నెవరూ అలా పిలవలేదు, అందుకని కొత్త చెప్పులు కూడా కొనుక్కుని వెళ్ళాను. ఒడ్డున వాళ్ళ పడవ, ముందు భాగానికి పసుపూ కుంకుమా పెట్టి ఉంది. ఫొటో తీసుకుందామని ఎక్కేశాను. వల బాగుచేసుకుంటున్న వాళ్ళ నాన్న లేచి "దిగమ్మా, దిగు దిగు!" అని కేకేశాడు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ఘడియ రానే వచ్చిందనుకున్నాను. "ఎందుకు దిగాలండీ? ఆడదాన్ననా?" అని అందుకుని పావుగంట వాయించేశాను. మగవాళ్ళు వలలు వదిలి, ఆడవాళ్ళు బుట్టలు దించి చుట్టూ చేరారు. అందరూ తలలు వంచుకుని వింటుంటే నా మాటలు బాగానే తగులుతున్నాయనుకున్నాను. (వాళ్ళు చూస్తున్నది నా కాళ్ళకేసి.)

ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు వాళ్ళమ్మ అంది, "అయిపోనాదేటమ్మా? గంగమ్మకి పూజ సేసిన పడవది. సెప్పులిప్పీసి మల్లీ ఎక్కి సెప్పుకో. నాను రోజూ ఎక్కే సేపలు దించుతాను." ఒడ్డంతా నవ్వింది. ఆయన పడవ కడిగి, పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టేదాకా నేను చెప్పులు చేత్తో పట్టుకుని కాలే ఇసుకలో నిలబడ్డాను.

యారాడ మాత్రం నవ్వలేదు. బస్సు దాకా వచ్చి, "ఎందుకు దిగమన్నాడో ఒక్క ముక్క అడగొచ్చు గదే. అంతమందిలో మా అయ్యని సెడ్డోడ్ని సేసీసినావు" అంది. తప్పయిందని అనాల్సింది. "అయినా ఆడవాళ్ళు వేటకి వెళ్ళరుగా" అన్నాను. మర్నాటి నుంచి తను క్యారేజీ వేరే బల్ల మీద విప్పింది, ఏడాదిలో ఉద్యోగమే మారిపోయింది. పాత బల్ల దగ్గర నేనొక్కదాన్నే క్యారేజీ విప్పుకునేదాన్ని.

ఇప్పుడు నలభై దగ్గర పడ్డాయి. ఒక్కదాన్నే ఉంటాను. ఆదివారాలు అక్క కూతురు వచ్చేది. పోయిన నెల ఓ స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆడపిల్లగా పుట్టినా తను అబ్బాయినే అంటాడు. మంచినీళ్ళయినా ఇవ్వకుండా అందుకున్నాను. అప్పట్లో తేడా లేదని వాయించినదాన్ని, ఇప్పుడు తేడా ఉందని వాయించాను. ఆ పిల్లవాడు తల వంచుకుని విన్నాడు. వెళ్తూ మా పిల్ల, "పిన్నీ, వాణ్ణి ఒక్క ముక్కయినా అడిగావా?" అంది. మూడు ఆదివారాలు రాలేదు.

నిన్న నేనే ఫోన్ చేశాను. "వాణ్ణి కూడా తీసుకురా. ఒప్పుకుంటానో లేదో తెలీదు గానీ, అడిగి వింటాను" అన్నాను. "చూస్తాలే పిన్నీ" అంది. ఇవాళ ముగ్గురికీ సరిపడా చేపల పులుసు పెట్టాను. (యారాడ పులుసు రుచి రాలేదు, ఎప్పుడూ రాదు.) గుమ్మం బయట నా చెప్పులు ఒక్క జతే ఉన్నాయి. ఇంకో రెండు జతలు పట్టేలా వాటిని మూలకి జరిపి, చెప్పులతో పడవెక్కిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్లని తలుచుకుని నవ్వుకున్నాను.