చలికాలంలో ఏసీ ఎందుకనుకున్నాను

తిరుపతివాళ్లకు చలికాలమంటే స్వెట్టరు వెతుక్కోవడమే. కారుకు కూడా ఏదో చెయ్యాలని ఎవరికీ తట్టదు. నా భార్య సుజాతకు మదనపల్లెలో ఒక బడి నుంచి టీచరు ఉద్యోగానికి పిలుపొచ్చింది. పొద్దున తొమ్మిదికి పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి. మూడేళ్లుగా పని లేక కుమిలిపోతున్న మనిషి, వారమంతా అద్దం ముందు నిలబడి అదే పాఠం చెప్పుకుంది. అందుకే ముందురోజు కారును మెకానిక్ కాదరన్న దగ్గరికి తీసుకుపోయాను.

టైర్లు, బ్యాటరీ, వైపరు రబ్బర్లు అన్నీ చూసి, "ఏసీలో గ్యాసు లేదప్పా, నింపేదా?" అన్నాడు. "ఈ సలిలో ఏసీ ఎవురేస్తారన్నా? ఎండాకాలంలో సూద్దాంలే" అన్నాను. హీటరు పైపు కారుతోందని ఎప్పుడో తీయించేశాను. మన ఎండలకు హీటరు ఎవడిక్కావాలి! పదిహేను వందలు మిగిలాయని సంబరపడ్డాను కూడా.

తెల్లవారుజామున ఐదుకు బయల్దేరాం. చంద్రగిరి, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి ఎదురుగా అంతా మంచు. బయటి మంచు సరే, లోపల మా ఇద్దరి ఊపిరికే అద్దం మూసుకుపోయింది. సుజాత గుడ్డతో తుడవడం, మలుపు తిరిగేలోపు మళ్లీ కమ్ముకోవడం. నిద్ర లేదు, మెడ పట్టేసింది, వెనక్కి తిరిగి పోదామన్నంత విసుగొచ్చింది. రోడ్డు పక్కన ఖాళీ జాగాలో టమోటా లారీ ఆగి ఉంటే దాని వెనక ఆపాను.

"ఏసీ పెట్టి గాలి అద్దం మీదికి తిప్పన్నా, తేమ పీల్చేసి అద్దం ఇట్టే తేటబడతాది" అన్నాడు లారీ డ్రైవరు.

"గ్యాసు లేదప్పా."

"అట్లయితే కారు అద్దాలన్నీ దించేయ్. నా ఎనకాలే రా."

సుజాత వైపు చూసే ధైర్యం లేకపోయింది నాకు.

నాలుగు అద్దాలూ దించి, లారీ వెనక దీపాలు చూసుకుంటూ నత్తనడకన పోయాం. దారైతే కనబడింది కానీ చలిగాలి ఆమె ముఖానే కొట్టింది. పైట తలకు చుట్టుకుని వణుకుతూ కూర్చుంది. పీలేరులో టీ అంగడి దగ్గర దిగి, రెండు టీలని సుజాత చెప్పబోతే ఆమెకు గొంతు పెగల్లేదు. పాఠం చెప్పాల్సిన రోజునే మాట పోయింది! నాకు ఏడుపొక్కటే తక్కువ.

అంగడామె పాలల్లో మిరియాలు దంచి వేసి ఇచ్చింది. "ఆయమ్మను మాట్లాడించొద్దు నాయనా" అంది. సుజాత నన్ను నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

వాయల్పాడు మీదుగా తొమ్మిదికి కాస్త ముందు మదనపల్లె చేరాం. సుజాత బడిలోకి పోయింది, నేను గేటు బయట కారులో కూలబడ్డాను. ఎంతసేపటికో సుజాత వచ్చింది, ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"ఏమైనాది?"

"గొంతు లేదు కదా. బోర్డు మీద రాసి, పిల్లోళ్ల చేతనే పాఠం సెప్పించినాను" అంది గుసగుసగా. "సోమవారం నుంచి రమ్మన్నారు."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అలసటో సంతోషమో నాకే తెలియలేదు.

ఎండకు భయపడి బతికే ఊరు మాది, చలి మన జోలికి రాదనుకుంటాం. ఊరు దాటి కొండెక్కితే చాలు, ఆ చలి అక్కడే ఉంటుంది. శీతాకాలంలో ఘాట్ రోడ్లకు వచ్చేవాళ్లకు ఒకే మాట: ఏసీని ఎండాకాలం వస్తువనుకోకండి, గ్యాసు చూపించుకునే బయల్దేరండి. ఇక వారం వారం సుజాతను సోమవారం దింపి, శనివారం తెచ్చుకోవాలి. తిరుగుదారిలో మధ్యాహ్నం ఎండకు చెమటలు కారుతుంటే సోమవారం తెల్లారేసరికి మళ్లీ ఈ ఘాట్ ఎక్కాలి కదా అన్నాను. సుజాత గొంతు కూడదీసుకుని ఒక్క మాట అంది.

"ఇంటికి కాదు, కాదరన్న దగ్గరికి పోనీ."