త్రిమూర్తులన్న తెడ్డు

నా గొంతు పెద్దదని నాకు తెలుసు. నెల్లూరు నుంచి మా ఆవిడ తహ్మీనా మాట్లాడేటప్పుడు ఫోన్‌ని చెవికి జానెడు దూరంలో పట్టుకుంటుందట. కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది. అలాంటివాడికి వినపడని మనిషితో పని పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. దుబాయ్‌కి కాస్త అవతల, ఉమ్ అల్ కువైన్‌లో నేను చూసుకునే కయాక్‌ల షెడ్డు దగ్గర త్రిమూర్తులన్న మీద రెండేళ్లు నేను అరిచిన అరుపులకు మడచెట్ల మీది కొంగలు లేచిపోయేవి.

ఆయనది కోనసీమలో బలుసుతిప్ప. చేపలవేట ఇంటి వృత్తి. అబుదాబిలో ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో, ఒక ఫ్యాక్టరీలో పదేళ్లు ఉక్కు పలకలు మోశాడు. చెవుల్లో చీము పడితే డాక్టరు దగ్గరికి పోకుండా కొబ్బరినూనె చుక్కలు వేసుకుని ఊరుకున్నాడు. రెండు కర్ణభేరులూ పోయాయి. కరోనాకు ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, 2021లో మా దగ్గరికి వచ్చాడు. వచ్చేటప్పుడు బట్టల సంచీతో పాటు ఒక కర్ర తెడ్డు తెచ్చాడు. మిషన్లు వచ్చే చెక్కపెట్టెల కర్రతో లేబర్ క్యాంపులో కూర్చుని తనే చెక్కాడట. నీళ్ల మొహం చూడకుండా పదేళ్లు బతుకుతూ తెడ్డు చెక్కుకునే మనిషిని ఏమనాలి? పిచ్చోడన్నాను. మొహం మీదే అన్నాను. వినపడదు కదా!

పని కయాక్‌లు కడగడమే. కయాక్ అంటే ప్లాస్టిక్ దోనె. మోకాలి లోతు నీళ్లలోనూ జారిపోతుంది కాబట్టి, మోటారు పడవలు రాలేని ఆ ఖోర్‌లో, అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఆ పాయల్లో, గెస్టులు దాని మీదే చేపలు పడతారు. త్రిమూర్తులన్న వాటిని కడుగుతూ నీళ్ల వంకే చూసేవాడు. ఒకసారి తెడ్డు చూపించి చెప్పాడు.

"మా ఊళ్లో గొరక సేపల ఏటకెల్తే తెడ్డు నీళ్లలో దింపి, పిడికి సెవి ఆనించేవోళ్లంరా నయీమూ. గొరక అరుత్తాది. ఆ అరుపు బట్టి వల ఏసేవోళ్లం. ఇంకేటి, సెవులే లేవు. ఆ ఏట అయిపోయింది."

"అయితే ఆ కొయ్య ఎందుకన్నా మోస్తావు, పొయ్యిలో పెట్టు!" అని అరిచాను. నవ్వాడు. నా నోరు కదిలితే చాలు, నవ్వేవాడు.

2023 జనవరిలో మా మేనేజరు వీరరాఘవరావు నన్ను పిలిచాడు. ఈయన్ని అందరం ముదీర్ అనే అంటాం, అరబ్బీలో మేనేజరని. "వినపడని మనిషిని నీళ్ల దగ్గర ఉంచడం నావల్ల కాదు నయీమ్. రేపు ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. నెలాఖరుకి ఖలాస్. నువ్వే చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఎంత అరిచినా అర్థం కాకపోతే చివరికి చేతులు ఊపి చూపించాను. త్రిమూర్తులన్న గొట్టం కట్టేసి, కడుగుతున్న కయాక్ మీదే కూర్చుండిపోయాడు. "మల్లీ ఆ ఇనుములోకి పోలేనురా. నీళ్లు కనపడకపోతే సచ్చిపోతాను," అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆ మర్నాడే అబూ సాలెం వచ్చాడు. డెబ్భై దాటిన స్థానికుడు, వేటకు లైసెన్సు ఉన్నవాడు. నగ్రూర్ అనే చేప కోసం ఐదు వారాలుగా తిరుగుతున్నాడు, ఒక్కటీ పడలేదు. మా గైడుకి జ్వరం. షెడ్డు గోడకు ఆనించిన కర్ర తెడ్డు చూసి, నిమిరి, "యే కిస్‌కా హై?" అన్నాడు. త్రిమూర్తులన్నను చూపించాం. "యల్లా, యే ఆద్మీ మేరే సాథ్," అన్నాడు పెద్దాయన, ఈయన్నే తోడు పంపమని. ముదీర్ నాకేసి చూశాడు. "సరే, ఇవాళ ఒక్కరోజు చూస్తాను. తేడా వస్తే మాత్రం నన్నేమీ అడగొద్దు," అన్నాడు.

వాళ్లిద్దరూ ఒక కయాక్‌లో, వెనక నేనొక దాంట్లో బయల్దేరాం. త్రిమూర్తులన్న నీళ్లు తాకి కళ్లకద్దుకున్నాడు. తెడ్డు వేశాడు చూడండి, చుక్క చిందలేదు! రెండేళ్లుగా కడిగిన దోనె ఆయన చేతిలో కొత్తగా కదిలింది. ఫ్లెమింగోలు కూడా లేవలేదు. పులికాట్ దగ్గర పెరిగినవాణ్ణి, ఆ పిట్టల పిరికితనం నాకు తెలుసు.

తప్పు అక్కడే జరిగింది. ఆయన ఊళ్లో తిథిని బట్టి పోటూ పాటూ లెక్కగడతారు. "ఇయాల తదియ, పొద్దెక్కేసరికి నిండు పోటు," అని వేళ్ల మీద లెక్కేసి ఇసుకతిప్పల మీదుగా అడ్డంగా పోనిచ్చాడు. అక్కడ రోజుకు రెండు పోట్లూ ఒకేలా వస్తాయి. ఇక్కడ ఒకటి నిండుగా వస్తే రెండోది సగంలోనే చతికిలపడుతుంది. షెడ్డు దగ్గర నీళ్లతో పాటే లేచి దిగే తేలే జెట్టీ ఉండటంతో ఈ సంగతి ఆయన ఎన్నడూ గమనించలేదు. నా ఫోన్‌లో పోటు లెక్క ఉంది. "అన్నా! అటు కాదు! నీళ్లు తగ్గతా ఉండాయి! అన్నా!" అని గొంతు చించుకున్నాను. వినపడితే కదా! ముందు కూర్చున్న పెద్దాయనకు వినపడినా నా తెలుగు అర్థం కాలేదు.

కాసేపట్లో రెండు కయాక్‌లూ ఇసుక మీద కూలబడ్డాయి. చుట్టూ తడి ఇసుక, పక్కన నడుములోతు పాయ ఒక్కటే మిగిలింది. మళ్లీ నీళ్లు రావాలంటే రెండు గంటలు పడుతుంది. నేను దిగి పరిగెత్తుకెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. "నీ ఉద్యోగం నువ్వే పోగొట్టుకున్నావు!" అన్నాను. అబూ సాలెం "సబర్, సబర్," అంటూ, ఓపిక పట్టమని నా భుజం తట్టాడు.

త్రిమూర్తులన్నకు నా మాటలు చేరలేదు గానీ నా మొహం చేరింది. పాయ అంచుకు పోయి నీళ్లలోకి తెడ్డు గుచ్చాడు. ఏడుపు ఆపుకోవాలని కాబోలు, పిడిని పళ్ల మధ్య గట్టిగా కరిచి కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి ఆ కళ్లు తెరుచుకున్నాయి. చెయ్యెత్తి మమ్మల్ని కదలొద్దన్నాడు.

"ఇనపడతంది," అన్నాడు. "ఓలమ్మో... ఇనపడతందిరా!"

మతి పోయిందనుకున్నాను. నన్ను జబ్బ పట్టి లాగి, పిడి నా నోట్లో పెట్టాడు. విసుక్కుంటూనే కరిచాను. యా అల్లా! నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు సన్నగా ఏదో చప్పుడు పళ్ల గుండా నా పుర్రెలోకే వచ్చింది. కర్ణభేరులు పోయినా ఆయనకు ఈ ఎముకల దారి మిగిలే ఉందన్నమాట. రొయ్యలట. దాని కింద, లోతుగా, పాత తలుపు కిర్రుమన్నట్టు ఒకటి. కాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత గుంపంతా. తల పైకెత్తితే ఏమీ లేదు, ఎండ, గాలి, ఖాళీ ఇసుక. మళ్లీ కరిస్తే పాయ నిండా మాటలు. పదేళ్లుగా ఈ నీళ్ల పక్కన బతుకుతున్నాను, ఇవి ఇంత మాట్లాడతాయని నాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గేముంది, ఏడ్చాను.

అబూ సాలెం కట్టుడుపళ్లతోనే కరిచాడు. చాలాసేపు వదల్లేదు. వదిలాక "సుభానల్లా," అన్నాడు. నగ్రూర్ మాట్లాడుతుందని వాళ్ల నాన్న చెప్పేవాడట, పిల్లల్ని మురిపించడానికి చెప్పిన కథ అనుకున్నాడట ఇన్నాళ్లూ.

త్రిమూర్తులన్న తెడ్డు అక్కడ దించి, ఇక్కడ దించి, వేలితో చోటు చూపించాడు. పెద్దాయన రొయ్య గుచ్చి గాలం వేశాడు. మూరెడు నగ్రూర్ పడింది. వెండిలా మెరుస్తూ ఆయన చేతుల్లోనూ అదే కిర్రుమనే అరుపు అరిచింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని, పెద్దాయన దాన్ని మాకు మళ్లీ మళ్లీ వినిపించాడు.

పోటు వచ్చాక తిరిగొచ్చేసరికి ముదీర్ జెట్టీ మీద మండిపోతున్నాడు. అబూ సాలెం చేప చూపించి, వచ్చే వారం కూడా ఈ మనిషే కావాలని చెప్పి వెళ్లిపోయాడు. నేను ముదీర్‌ని వదల్లేదు. "నేను పక్కనే ఉంటాను సార్. పోటు లెక్క నాది, చేప లెక్క ఆయనది. చెవులు నావి వాడుకోనీయండి," అన్నాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. "ఆయన ఒంటరిగా మాత్రం పోకూడదు. పోతే ఇద్దరూ ఖలాస్," అని లోపలికి వెళ్లాడు.

త్రిమూర్తులన్న కయాక్ కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. అరవబోయి ఆగాను. తెడ్డు తీసి పిడి ఆయన నోటికి అందించాను. అర్థం కాకపోయినా కరిచాడు. రెండో కొసను నా గొంతుకు గట్టిగా ఆనించుకున్నాను.

"అన్నా, నువ్వు ఎక్కడికీ పోవడంలా. వచ్చే వారం మనిద్దరం నీళ్లమీదికి పోతన్నాం," అని మెల్లగా అన్నాను.

ఆయన కళ్లు నిండాయి. పిడి నోట్లోంచి తీసి నన్ను అదోలా చూశాడు.

"నీ గొంతు ఇలా ఉంటదేటిరా నయీమూ? రెండేళ్ల నించీ తిడతన్నావనుకున్నాను."

నిజానికి తిట్టాను.

ఆయన మళ్లీ పిడి కరిచి, ఇంకోసారి అనమని చేత్తో సైగ చేశాడు. అన్నాను.