క్లచ్ ఆంటీ కాలి వల్ల పోలేదు

కాప్రాలో మా పాత ఇంటి ఓనరు ఆంటీ పోయిన వారం కన్నుమూశారు. పొద్దున్నే మొక్కలకు నీళ్లు పెట్టి, లోపలికొచ్చి కూర్చున్నారట, మళ్లీ లేవలేదట. ఫోన్‌లో ఆ కబురు విని చాలాసేపు ఏడ్చాను. సమాధి చేసిన రోజు మాత్రం ఏడవలేదు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

చర్చిలో ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమని ఆవిడ మరిదిని పిలిచారు. ఆయన మైకు ముందు కళ్లు తుడుచుకుని, "మా వదిన చెయ్యి పడితే ఎండిన కొమ్మైనా చిగురిస్తుంది. కాలు పడితే మాత్రం కొత్త క్లచ్ ప్లేటైనా కాలిపోతుంది" అన్నారు. అందరూ నవ్వారు. చావు దగ్గర నవ్వకూడదని నేననను. కానీ ఆ మాట అబద్ధం, అబద్ధమని ఆయనకు తెలుసు. నేను లేచి నిలబడి, "క్లచ్ ఆంటీ కాలి వల్ల పోలేదండీ" అన్నాను. పాపం, దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకుని పక్కవాళ్లు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆవిడ ఇంట్లో మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. అంకుల్ పోయాక ఆవిడకు మిగిలిన ఆధారం ఇంటి పక్క స్థలంలోని నర్సరీ, దానికి ఎర్రమట్టీ ఎరువూ మోసే పాత పికప్ బండి. బండి లేకపోతే నర్సరీ లేదు. రోజూ ఏ.ఎస్. రావు నగర్‌లో ఇళ్లకు మొక్కలు దింపడానికి వెళ్తూ నన్ను బస్టాపులో దించేవారు. బయల్దేరే ముందు స్టీరింగు మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, బ్రేకులు నువ్వు చూసుకో, క్లచ్ నేను చూసుకుంటా" అని ప్రార్థన. గేరు పడగానే ఎడమ కాలు పెడల్ మీంచి తీసేసేవారు. "పని లేనప్పుడు కాలు పెడల్ మీదా, నోరు పక్కింటివాళ్ల మీదా పెట్టకూడదమ్మాయ్" అనేవారు. రెండోది ఆవిడ ఏనాడూ పాటించలేదు గానీ, మొదటిది మాత్రం ఒక్కరోజు తప్పగా నేను చూడలేదు.

అలాంటి మనిషి బండికి క్లచ్ జబ్బు పట్టుకుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గోలపెట్టేది, బండి మాత్రం సాగేది కాదు. మట్టి బస్తాలు వేస్తే మరీ ఘోరం, కాలిన వాసన కూడా వచ్చేది. మరిది దాన్ని చిలకలగూడలో తనకు తెలిసిన ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్లి కొత్త ప్లేటు వేయించేవారు. కొన్నాళ్లకు మళ్లీ అదే రోగం. ఆంటీ వెంట వెళ్లినా, షెడ్డువాళ్లు ఆవిడను రోడ్డు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మాటలన్నీ మరిదితోనే మాట్లాడేవారు.

"వదినా, మీరు క్లచ్ మీంచి కాలు తియ్యరు, అందుకే ప్లేటు కాలిపోతోంది. ఆడవాళ్లందరికీ అదే అలవాటు. బండి నాకిచ్చెయ్యండి, మా డ్రైవర్ నడుపుతాడు. మీకెప్పుడు కావాలంటే అప్పుడు పంపిస్తా" అనేవారు మరిది.

ఎప్పుడు కావాలంటే అప్పుడట! ఆయనకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్ల కాలంలో షామియానాలు పక్కన పడేసి మందార మొక్కలు మోయడానికి బండి పంపిస్తారా? అయినా చుట్టాలందరూ ఆయన మాటే న్యాయమన్నారు. ఇంకొక్క ప్లేటు కాలితే బండి ఆయనకిచ్చెయ్యాలని తీర్మానం కూడా చేసేశారు.

ఆంటీ ఊరుకునే రకం కాదు. బండి కింద, ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య, నల్లటి ఆయిల్ చుక్కలు పడడం ఆవిడ గమనించారు. రాత్రి అక్కడ ఒక కుండీ పళ్లెం పెట్టి, తెల్లారి నన్ను పిలిచి చూపించారు. మరిదికి చెబితే, "పాత బండన్నాక కారదా వదినా" అని కొట్టిపారేశారు.

క్లచ్ మళ్లీ జారడం మొదలవగానే ఈసారి ఆవిడే షెడ్డుకు తీసుకెళ్లారు. నేను సెలవు పెట్టి తోడు వెళ్లాను. ఉస్తాద్ మర్యాదస్తుడు. "అమ్మా, గాడ కూసోండ్రి, చాయ్ చెప్తా. సార్ రాలేదా?" అంటూ కుర్చీ వేయించాడు. ఆంటీ ఆ కుర్చీని తెచ్చి బండి పక్కనే వేసుకున్నారు.

"సార్‌తో పనేంటి? బండి నాది, నడిపేది నేను. గేర్ బాక్స్ నా కళ్లముందే దించు."

దించాడు. ప్లేటు ఆయిల్‌తో తడిసి నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇది నా కాలు చేసిన పనేనా, ఉస్తాద్?"

"కాలుతోని ఏం సంబంధమమ్మా? ఎనక ఆయిల్ సీల్ పోయింది. ఇంజన్ ఆయిల్ కారి ప్లేట్ మీద పడుతున్నది, గందుకే జారుతున్నది. సీల్ మార్చకుంట ఎన్ని ప్లేట్లు ఏసినా గింతే."

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

ఉస్తాద్ పరేషాన్ అయ్యాడు. "పోయినసారే సార్‌కు చెప్పిన కదమ్మా! సీల్ సుత మారుద్దామంటే వద్దన్నడు. ప్లేట్ ఒక్కటే ఎయ్యి, ఎట్లైనా ఆమె కాలబెడ్తది అన్నడు."

ఉస్తాద్ మీద కూడా కోపమే నాకు. నడిపే మనిషికి చాయ్, బండి సంగతి మాత్రం సార్‌కు! ఇదెక్కడి మర్యాద? ఇక ఆ మరిది సంగతి ఏమనాలి? తెలిసి తెలిసి అన్న భార్యను పదిమందిలో నేరస్తురాలిని చేశారు. చర్చిలో పాస్టరు గారు ఆంటీని సహనమూర్తి అన్నారు. ఆ రోజు షెడ్డులో ఆవిడ ముఖం చూసుంటే ఆ మాట అనేవారు కాదు.

సీల్ మార్చేదాకా ఆంటీ ఆ కుర్చీలోంచి కదల్లేదు. మర్నాడు బండి నిండా ఎర్రమట్టి బస్తాలు వేయించి, నన్నూ ఎక్కించుకుని, మరిది టెంట్ హౌస్ ముందు ఆపారు. "ఎక్కు బాబూ, ఒక రౌండు వెళ్లొద్దాం" అన్నారు. ఆయన ఎక్కారు. నేను ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాను.

రైలు వంతెన కింది నుంచి పైకెక్కే రోడ్డు మీద, సరిగ్గా సగం ఎత్తులో, ఆంటీ బండి ఆపేశారు. హ్యాండ్ బ్రేకు బిగించి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలారు. బండి ఒక్క కుదుపు కుదిపింది, ఇంజన్ ఆగిపోయింది.

"చూశావా? క్లచ్ బాగా పడుతుంటే ఇంజన్ ఇలా ఆగిపోవాలి. జారే క్లచ్‌కైతే ఆగదు, ఊరికే అరుస్తూ ఉంటుంది. మన చుట్టాల్లోనూ ఉన్నారులే అలాంటివాళ్లు."

వెనక సిటీ బస్సు హారన్ మోగిస్తోంది. కండక్టర్ తల బయటపెట్టి, "ఏందమ్మా గిట్ల నడిరోడ్డు మీద? డ్రైవర్‌ను పిలువు!" అని అరిచాడు.

"నేనేనయ్యా డ్రైవర్ని!"

"వదినా, పోనివ్వండి. అందరూ చూస్తున్నారు" అన్నారు మరిది.

"చూడనీ. సీల్ పోయిందని నీకు తెలుసా, తెలీదా?"

ఆయన కిటికీలోంచి బయటకు చూశారు. పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా, "తెలుసు" అన్నారు.

ఆంటీ ఇంజన్ స్టార్ట్ చేసి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు వదలబోతుంటే, బండి బస్సు మీదికి వెనక్కి పోతుందని భయపడి ఆయన రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నారు. బండి వెనక్కి పోలేదు. అన్ని బస్తాల బరువుతో నిమ్మళంగా పైకెక్కింది. ఎత్తు దాటి రోడ్డు చదునైంది. ఆయన చేతులు ఇంకా డాష్‌బోర్డు మీదే ఉన్నాయి.

"చేతులు తీసెయ్ బాబూ," అన్నారు ఆంటీ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఇది జారదు."