చిన్నబాపు గిటారుకు జరిగిన మరమ్మతు

విమానాశ్రయానికి పోయే దారిలో, ఫోన్లు బాగుచేసే ఒక చిన్న దుకాణం ముందు నిలబడినప్పుడల్లా కరిగిన సీసపు పొగ నా ముక్కుకు తగులుతుంది. తగిలిన మరుక్షణం నా కుడిచేయి దానంతట అదే వెనక్కు ముడుచుకుంటుంది. ఉద్యోగకాలమంతా బడిపిల్లలకు క్రమశిక్షణ నేర్పినదాన్ని, నా చేతికి మాత్రం ఈ ఒక్క విషయంలో నేర్పలేకపోయాను.

నా బాల్యంలో శంషాబాద్‌కు విమానాలతో సంబంధం లేదు. భాద్రపదం రాగానే మా ఇంటి వెనుక జొన్నచేలు తలలెత్తేవి, గట్ల వెంట గునుగు తెల్లగా పూసేది, నిప్పుల మీద మక్కకంకులు చిటపటలాడేవి. ఆవిరి మీద ఉడికే కుడుముల వాసన, తడిసిన గోనెసంచుల వాసన, వాకిట్లో చల్లిన పేడనీళ్ళ వాసన కలిసిపోయి ఇల్లంతా పరచుకునేవి. వాన వెలిసిన వేళల్లో పిల్లలం అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి, చింతగింజలతో అష్టాచెమ్మ ఆడేవాళ్ళం. అరుగుకు ఆవల విప్పవలసిన చెప్పులు ఈవల కనబడితే నాయనమ్మ వాటిని కర్రతో ఎత్తి వీధిలోకి విసిరేది. ఆమె పాలనలో మా ఇంట్లో ప్రతి వస్తువూ తన చోట తాను ఉండేది.

ఆ క్రమానికి లొంగనివాడు మా నాన్న తమ్ముడు. మేము చిన్నబాపు అని పిలిచేవాళ్ళం. పెళ్ళిళ్ళలో పాడే బృందంలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. ఎర్రని గిటారు, దాని తీగల చప్పుడును పెద్దది చేసే ఇనుపరేకు పెట్టె ఆయన సర్వస్వం. ఆ ఏడు వినాయక చవితికి ముందు ఆ పెట్టె గుయ్యిమని మొత్తుకోవడం మొదలుపెట్టగా, షాద్‌నగర్‌లో రేడియోలు బాగుచేసేవాని దగ్గరకు రెండింటినీ తీసుకుపోయి, సాయంత్రానికి నవ్వుతూ తిరిగివచ్చి, చెప్పులతోనే వాకిట్లో నిలబడి వాయించి చూపాడు.

“ఇగ జూడు బిడ్డా, జర్రంత గూడ మొత్తుకుంటలేదు!” అన్నాడు.

రొద మానిన మాట నిజమే; పెట్టె నుండి ఇంకా కరిగిన సీసపు పొగ వాసన వస్తున్నది. ఆయన గిటారును చెక్కపీటకు ఆనించి నీళ్ళు తాగబోయినప్పుడు, వట్టికాళ్ళతో ఉన్న నేను మెల్లగా ఒక తీగను తాకాను. వేలి కొస నుండి మోచేతి దాకా జిల్లుమని ఏదో పాకింది. చల్లని పాము ఎముకలోకి దూరినట్లనిపించి, చేయి వెనక్కు లాక్కున్నాను. చిన్నబాపు వచ్చి అదే తీగను తాకి పకపకా నవ్వాడు. ఆయనకు ఏమీ కాలేదు. అందరూ లోపలికి పోయిన తరువాత ఆ పీట మీదికెక్కి, మళ్ళీ తాకాను: ఏమీ లేదు. కిందికి దిగి తాకాను: అదే పాము. తేడా కాళ్ళ కింద ఉన్నదని నాకు అర్థమయింది. చిన్నబాపు రబ్బరు చెప్పులు వేసుకున్నాడు.

“చిన్నబాపూ, చెప్పుల్లేకుండ ముట్టకే, కరెంటు గొడ్తది,” అని బతిమాలాను.

“ఏంది, దేవుని ముంగట చెప్పులేసుకొని వాయించాల్నా? మీ నాయనమ్మ నన్నే నిమజ్జనం జేస్తది,” అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు.

మరునాటి సాయంకాలం వినాయకుని మండపం దగ్గర వాన కురిసి వెలిసింది. నేలంతా బురద; దాని మీద పరచిన గోనెసంచులు నీళ్ళు కక్కుతున్నాయి. చిన్నబాపు మెట్టు దగ్గర చెప్పులు విప్పి, విగ్రహానికి దండం పెట్టి, గిటారును మెడకు తగిలించుకుంటున్నాడు. ఆ మెట్టుకు ఆనిన చెక్కస్తంభానికి బిగించిన స్విచ్చు పక్కన నిలబడిన నాకు ఆ తడి పాదాలు తప్ప మరేమీ కనబడలేదు. ఇక ఆగలేక, స్విచ్చు ఆర్పుదామని ఆయన విడిచిన చెప్పుల్లో నా చిన్న పాదాలు దూర్చి నిలుచున్నాను.

“ఓ పొల్లా! దేవుని కాడ చెప్పులా? తియ్యి!” అన్న నాయనమ్మ కేక విని, ఊరంతా నా వైపు తిరిగింది.

అదే క్షణంలో తీగలు ఒక్కసారి అరిచాయి. చిన్నబాపు నోరు తెరిచి ఉంది, మాట లేదు. వేళ్ళు తీగల చుట్టూ బిగుసుకున్నాయి. ఆట అనుకొని ముందు వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. నాయనమ్మ నా భుజం పట్టి లాగుతూనే ఉంది; నేను ఆ లాగుడులోనే ఎగిరి స్విచ్చు పైకి కొట్టాను. దీపాలన్నీ ఆరిపోయాయి. చీకట్లో ఆయన పడిన చప్పుడు విన్నాను, ఆ తరువాత ఎంతకూ ఏమీ వినబడలేదు. చివరికి నాన్న గొంతు, “ఊపిరున్నది, ఊపిరున్నది” అంది.

రొద పోగొట్టడానికి ఆ మరమ్మతువాడు నేలకు పోవలసిన ఎర్తు తీగను కోసివేశాడనీ, కరెంటు తీగ ఒకటి పెట్టె రేకుకు తగిలి, ఆ కరెంటు గిటారు తీగలకు ఎక్కుతున్నదనీ తరువాత తెలిసింది. చిన్నబాపును దవాఖానకు పంపి వచ్చిన నాయనమ్మ నన్ను గట్టిగా కౌగిలించుకొని ఏడ్చింది. ఏడ్చిన తరువాత, మండపం దగ్గర చెప్పులు వేసుకున్నందుకు విగ్రహం ముందు గుంజీళ్ళు తీయించింది.

ఆ మండపం ఉన్నచోట నేడు కార్లు నిలిపే స్థలం ఉంది, జొన్నచేలలో హోటళ్ళు లేచాయి. చిన్నబాపు చాలాకాలం బతికాడు, నా పెళ్ళిలో అక్షతలు వేశాడు, మనవలను ఎత్తుకున్నాడు. గిటారును మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఎక్కడైనా పాట వినబడితే రెండు చేతులూ చంకల్లో దాచుకొని కూర్చునేవాడు. ఆయన వాయింపు ఎట్లా ఉండేదని ఇప్పుడు ఆయన మనవలు నన్ను అడుగుతారు. చెప్పబోతాను. నా చెవిలో తీగల ఆ చివరి అరుపు తప్ప మరొక స్వరం మిగలలేదు.