ముస్తికి కుట్టిన బొంత

ఆగస్టులో సముద్రం మీది నుంచి తడిగాలి మొదలవగానే మా ఇంట్లో మంచం కిందున్న సూట్‌కేసులోంచి కుక్క వాసన వస్తుంది. మే, జూన్‌లలో పొడిగాడ్పు కొట్టినన్నాళ్ళూ ఆ పెట్టె ఒకటి ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. గాలిలో తేమ చేరి, కిటికీ అద్దాల మీద బయటివైపు నీళ్ళు కారడం మొదలైన రోజున మాత్రం కొంచెం తడిసిన ఉన్నిలా, కొంచెం గంధంలా, కొంచెం కలరా ఉండల్లా ఒక వాసన గదిలోకి వచ్చి కూర్చుంటుంది. మొన్న మా అమ్మాయి ముక్కు మూసుకుని ఆ పెట్టెను బయటికి లాగింది. చెవులు నిక్కబొడుచుకుని, తోక వీపు మీదికి చుట్టుకుని, ఎలుగుబంటి పిల్లలా ఉండే మంచుదేశపు కుక్కపిల్ల ఒకటి కావాలని కొన్నాళ్ళుగా నా ప్రాణం తోడేస్తోంది అది. పెట్టెలోంచి పాత చీరలతో కుట్టిన ఒక పొట్టి బొంతను, పొట్ట కింద కట్టుకునే నాడాలున్నదాన్ని, పైకెత్తి పట్టుకుని "ఇదేంటమ్మా?" అంది. నువ్వడిగే జాతి కుక్కదే అన్నాను.

మా చిన్నతనం కువైట్‌లోని సాల్మియాలో ఒక పాత బిల్డింగులో గడిచింది. నాన్న సబ్హాన్‌లో ఏసీలు బాగుచేసే వర్క్‌షాపులో ఇంజినీరు. అమ్మ విజయవాడ నుంచి వస్తూ సన్నికల్లుతో సహా సంసారమంతా వెంట తెచ్చుకున్న మనిషి. జూన్ నెలలో పొద్దున మేడ మీద పెట్టిన గుమ్మడి వడియాలు మధ్యాహ్నానికే గలగలలాడేవి. ఇంత ఎండ బెజవాడలో కూడా లేదని అమ్మ చుట్టుపక్కల వాళ్ళకి గర్వంగా చెప్పుకునేది, ఆ ఎండేదో తనే కొనిపెట్టినట్టు. ఒక్కోసారి ధూళి తుఫాను లేచి ఆకాశం ఇటుక రంగుకి తిరిగేది, వడియాలన్నీ మట్టిపాలయ్యేవి, అమ్మ మాత్రం మర్నాడు మళ్ళీ పిండి రుబ్బేది. బడికి వేసవి సెలవులివ్వగానే నన్నూ తమ్ముడినీ ఫర్వానియాలో మంగలి షాపుకి తీసుకెళ్ళి గుండ్లు కొట్టించడం ఆవిడ పెట్టిన ఇంకో ఆచారం. తలకి వేడి ఎక్కకూడదు, సెగగడ్డలు లేవకూడదు, బడి తెరిచేలోగా జుట్టు ఒత్తుగా రావాలి. ఇంటికి రాగానే గంధపు చెక్క అరగదీసి నున్నటి గుండు మీద పట్టించేది. ఏసీ కింద కూర్చుంటే ఆ చల్లదనం కళ్ళలోకి దిగేది. ఆడపిల్లని, నాకు సిగ్గుగా ఉండేది, కానీ ఆ చల్లదనం కోసం ఊరుకునేదాన్ని.

మా కింది అంతస్తులో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరు, ఆయన భార్య ఉండేవాళ్ళు. ముస్తి వాళ్ళ కుక్క. లాప్‌హుండ్ అనే జాతట. ఆ దేశపు ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కప్పి ఉండేచోట, రెయిన్‌డీర్ మందల్ని కాయడానికి పెంచుకునేవారట. ఒళ్ళంతా నలుపు, కళ్ళ మీద గోధుమరంగు బొట్లు, మెడ చుట్టూ ఉన్ని శాలువా చుట్టుకున్నట్టు ఇంత బొచ్చు. మేం కారిడార్‌లో దాగుడుమూతలు ఆడుతుంటే తలుపుల వెనకా మెట్ల కిందా దాక్కున్న పిల్లలందరినీ ఒక్కొక్కరిగా వెతికి, చుట్టూ తిరుగుతూ మొరిగి, లిఫ్టు పక్కన మూలకి తోలుకొచ్చి నిలబెట్టేది. దొంగ పెట్టినవాడికి ఇక పనేముంటుంది. ఆట పాడయిందని మేం తిట్టుకునేవాళ్ళం, అది మాత్రం మందంతా లెక్కకి వచ్చిందన్న తృప్తితో నాలుక వేలాడేసుకుని మా ముందు కూర్చునేది. పక్కింటివాళ్ళు దాని అరుపుల మీద వాచ్‌మన్‌కి ఫిర్యాదు చేయని వారం లేదు.

ఒక మే నెలలో ఆ ఇంజినీరు ఉద్యోగం ఉన్నట్టుండి ఖలాస్ అయిపోయింది. వెంటనే దేశం వదిలి వెళ్ళాలి. ఎండాకాలం కుక్కల్ని విమానంలో ఎక్కించరు. అక్టోబరులో చల్లబడ్డాక పంపితే చాలు, అందాకా చూసుకోమని వాళ్ళిద్దరూ వచ్చి నాన్నని అడిగారు. రోజూ దువ్వాలి, ఏసీ తీసేయకూడదు, తెల్లవారకముందే బయట తిప్పాలి అని అన్నీ ఓపిగ్గా చెప్పారు. బొచ్చు కత్తిరించొద్దని చెప్పలేదు. అలా ఎవరైనా చేస్తారని వాళ్ళకి తట్టి ఉండదు. వెళ్ళేముందు ఆవిడ ముస్తి మెడ పట్టుకుని చాలాసేపు ఏడిస్తే, అమ్మ ఆవిడ భుజం మీద చెయ్యేసి, "మా పిల్లల్లో ఒకటి అనుకుంటాలెమ్మా" అని తెలుగులోనే మాటిచ్చింది.

అలాగే అనుకుంది కూడా. ఆ జాతికి వంక పెట్టలేను. పిల్లల మీద ఒక్కసారి కూడా పళ్ళు చూపించలేదు. చెప్పిన మాట రెండోసారి చెప్పించుకునేది కాదు. మనుషుల్ని వదిలి పక్క గదిలో కూడా ఉండలేకపోయేది. కానీ దానికి చేతినిండా పని కావాలి, పరుగెత్తడానికి నేల కావాలి, అన్నిటికన్నా ముందు చలి కావాలి. మా దగ్గర ఉన్నవి రెండు గదులు, ఒక బాల్కనీ. వినాయకుడి పూజ కూడా తలుపులేసుకుని గొంతు తగ్గించి చేసుకునే ఇంట్లో గంటకోసారి మొరిగే కుక్క. జూన్ దగ్గరపడేసరికి అది బాత్రూమ్ గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుని పగలంతా రొప్పడం మొదలెట్టింది.

"మనం ఒక్క నూలు చీర భరించలేకపోతున్నాం, పాపం నోరులేనిది రగ్గు కప్పుకుని తిరుగుతోంది. దీనికీ గుండు కొట్టించేద్దామండీ" అంది అమ్మ. నాన్న కాదనలేదు. ఏసీల సంగతి తెలిసిన మనిషే గానీ కుక్కల సంగతి ఆయనకీ తెలియదు.

శుక్రవారాల్లో కూరగాయల కోసం వఫ్రా తోటలకి వెళ్ళేవాళ్ళం. అక్కడ గొర్రెల్ని కాసే మల్లయ్యది జగిత్యాల దగ్గర పల్లె. ఎడారిలో వారమంతా తెలుగు మాట వినపడక, మేం వెళితే టమాటాల కన్నా ముందు కబుర్లు ఇచ్చేవాడు. ఆ వారం ముస్తినీ వెంట తీసుకెళ్ళాం, పొద్దున్నే కారు దిగగానే అది మందని చూసింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి, గొర్రెల చుట్టూ పెద్ద చుట్టు తిరిగి, చెదిరినవాటిని ఒక దగ్గరికి చేర్చి, మల్లయ్య ముందుకి తోలుకొచ్చింది. నా జన్మలో అంత సంతోషంగా ఉన్న ప్రాణిని చూడలేదు. మల్లయ్య కర్ర కింద పెట్టేసి నవ్వుతూ, "గిది నా కొలువు గుంజుకునేటట్టున్నదక్కా" అన్నాడు. అమ్మ గుండు మాట ఎత్తితే అతనికీ సబబే అనిపించింది.

"గొర్లకు ఎండలు ముదరకముందే గొరుగుతం గదా. దీనికి గూడ గొరిగితె సల్లగుంటది."

గొర్రెల కత్తెరతోనే గొరిగాడు. మెడ పట్టుకుని నేను కూర్చున్నాను. అది కదలలేదు. బొచ్చు పొరలు పొరలుగా కింద పడింది. పైన పొడుగాటి నల్ల వెంట్రుకలు, లోపల దూదికన్నా మెత్తటి బూడిదరంగు ఉన్ని. పట్టులా ఉంది, పారేయబుద్ధి కావడం లేదని అమ్మ అంతా ఒక దిండు గలీబులోకి ఎత్తింది. ఇంటికొచ్చి గంధం అరగదీసి, దాని వీపంతా పట్టించింది. సగానికి సగమైపోయిన ముస్తి మంచం కిందికి దూరి ఆ రోజంతా బయటికి రాలేదు.

వారం తిరిగేలోగా వీపు మీద చర్మం కమిలి పొట్టు లేచింది. పుళ్ళు పడ్డాయి. రొప్పు తగ్గకపోగా ఎక్కువైంది. చూపించడానికి తీసుకెళితే జంతువుల డాక్టరు తల పట్టుకున్నాడు. ఈ జాతికి బొచ్చు రెండు పొరలనీ, చలిని ఆపినట్టే ఎండనీ అదే ఆపుతుందనీ, ఉన్న గొడుగు లాక్కుని ఎండలో నిలబెట్టారనీ అన్నాడు. మళ్ళీ వస్తుందా అని అమ్మ అడిగింది. చెప్పలేను, కొన్నిటికి రాదు అన్నాడు. ఆ వేసవిలో మమ్మల్ని మంగలి షాపుకి తీసుకెళ్ళే ఊసే అమ్మ ఎత్తలేదు.

దాని ప్రాణం నిలబెట్టింది సబ్హాన్ వర్క్‌షాపు. బాగుచేసిన ఏసీలన్నిటినీ ఒక మూసిన గదిలో వరసగా బిగించి పగలంతా నడిపి చూసేవారు. లోపలికెళితే పళ్ళు కొట్టుకునేవి. నాన్న రోజూ తెల్లవారకముందే ముస్తిని కారులో తీసుకెళ్ళి ఆ గదిలో వదిలి, పొద్దుగూకాక తీసుకొచ్చేవాడు. కువైట్ మొత్తంలో దాని ఊరి వాతావరణం ఆ ఒక్క గదిలోనే ఉందేమో. పుళ్ళు మానాయి, తిండి తినడం మొదలెట్టింది. కానీ మొరగడం మానేసింది. మేం దాగుడుమూతలు ఆడితే మెట్ల దగ్గర కూర్చుని చూసేది, ఎవరినీ వెతకడానికి లేచేది కాదు. పక్కింటివాళ్ళు కుక్క మంచి అలవాట్లు నేర్చుకుందని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్ళు మండేది.

వినాయక చవితికి అమ్మ ఉండ్రాళ్ళు దాని పళ్ళెంలో కూడా పెట్టి, పక్కన కూర్చుని వీపు తడిమి చూసింది. అక్కడక్కడా పీచులాంటి బొచ్చు, మధ్యమధ్య ఉత్త చర్మం. అక్టోబరు రాబోతోంది. అక్కడ మంచు మొదలయ్యే వేళకి ఇది దిగుతుంది. మర్నాటి నుంచి అమ్మ కుట్టడం మొదలెట్టింది. రెండు మెత్తటి నూలు చీరల మధ్య గలీబులో దాచిన బొచ్చంతా పరిచి, ఎక్కడా ముద్దకట్టకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. ఎండిన గంధం అంటిన వేళ్ళతోనే వేసింది, పుళ్ళ మచ్చలకి ఇంకా రాస్తూనే ఉండేది.

పంపే రోజున ముస్తికి ఇంట్లోనే ఆ బొంత తొడిగి, నాడాలు కట్టింది. ఎయిర్‌పోర్టులో సరుకు రవాణా కౌంటరు దగ్గర ఒక అబ్బాయి, బోనులో జంతువు ఒంటి మీద గుడ్డ ఉండకూడదు, చిక్కుకుంటే ప్రమాదం అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"దాని జుట్టే బాబూ ఇది. నేను తీసుకున్నదే ఇస్తున్నాను. దానికిచ్చి పంపండి."

నాన్న ఇంగ్లీషులో చెప్పాడు. ఆ అబ్బాయి కాసేపు బొంత వైపు చూసి, నాడాలు తనే విప్పి, చక్కగా మడత పెట్టి అమ్మ చేతికిచ్చాడు. బోను తలుపు మూస్తుంటే ముస్తి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది, అందరం ఉన్నామో లేదో చూసుకున్నట్టు.

చలికాలం మధ్యలో వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నాన్న మాట్లాడి వచ్చి, బాగానే ఉందట, బొచ్చు వచ్చేసిందట అన్నాడు. ఎంత వచ్చిందట అని అమ్మ అడిగితే చూపుడువేలు సగానికి పట్టుకుని "ఇంత" అని చూపించాడు. అమ్మ తలూపి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ వేసవిలోనూ మాకు గుండ్లు కొట్టించలేదు. చాలా ఏళ్ళకి, తన ఆఖరి రోజుల్లో, నేను తల దువ్వుతుంటే అమ్మ తనంతట తనే ఆ మాట ఎత్తింది. "ఇంత అని చూపించినప్పుడు మీ నాన్న వేలు వణికిందే. ముస్తి ఆ చలికాలం దాటలేదని నాకప్పుడే తెలుసు. ఆయన బాధపడతాడని ఊరుకున్నా" అంది.

సాల్మియాలో ఆ బిల్డింగు కూలగొట్టారు, అక్కడిప్పుడు అద్దాల టవరు ఉంది. మల్లయ్య ఎప్పుడో ఇంటికెళ్ళిపోయాడు. కారిడార్లలో పిల్లలెవరూ దాక్కోవడం లేదు. మేడల మీద వడియాలూ లేవు. షాపుల్లో అద్దాల వెనక చలిదేశపు కుక్కపిల్లలు మాత్రం బోలెడున్నాయి. శీతాకాలంలో ముచ్చటపడి కొంటారు, జూన్ వచ్చాక వాటి సంగతి నేను అడగను.

మా అమ్మాయి బొంత ఒళ్ళో పెట్టుకుని ఇదంతా వింది. కుట్ల సందులోంచి పొడుచుకొచ్చిన ఒక నల్ల వెంట్రుకని వేలితో లోపలికి నెట్టింది. కుక్కపిల్ల మాట ఎత్తలేదు.

"ఒక్కసారైనా వేసుకుందా అమ్మా?" అంది.

"వేసుకుంది. ఎయిర్‌పోర్టు దాకా" అన్నాను.