అమ్మ జొన్న రొట్టెను గొడ్ల మేత అన్న మా మేనత్త

మా చిన్నప్పుడు... మేము బడి నుంచి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు తడుతూ ఉండేది. వేడి రొట్టె, పుంటికూర పప్పు, పక్కన ఓ ఉల్లిగడ్డ ముక్క... మాదాపూర్ ఇంకా ఊరిలాగే ఉన్న రోజులవి.

ఒకరోజు మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క. మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. మా కంచాలు చూసి మూతి తిప్పింది.

"ఏంది లక్ష్మీ, పోరగాండ్లకు గొడ్ల మేత పెడ్తున్నవ్? సన్నబియ్యం వండు. నలుగురు చూస్తే ఇజ్జత్ పోతది."

అమ్మ తల దించుకుంది. మర్నాటి నుంచి మూడు పూటలా తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడు, సాయంత్రం బేకరీ పఫ్... జొన్నల డబ్బా అటకెక్కింది.

"నీసు ముట్టనోళ్లకు షుగర్ రాదు" అని తీర్పిచ్చింది కూడా అత్తే. మేమంతా నమ్మాం. చక్కెర కూడా శాకాహారమేనని ఒక్కరికీ తట్టలేదు.

నలభై దాటగానే అమ్మకు షుగర్ వచ్చింది. తర్వాత కళ్లు దెబ్బతిన్నాయి. ఒక్కరి మాట వల్లే జబ్బు రాదని, కారణాలు చాలా ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. విన్నాను. నాకు మాత్రం కారణం ఒక్కటే కనిపిస్తుంది... దానికి పట్టుచీర, ముక్కుపుడక ఉంటాయి.

పోయిన ఆదివారం అత్త గచ్చిబౌలిలో మా ఫ్లాటుకు వచ్చింది.

"నాకు గూడ షుగర్ ఒచ్చింది బిడ్డా. అన్నం తగ్గించి జొన్న రొట్టె, ఆకుకూరలు తినుమన్నరు దవాఖానల. మీ అమ్మ చేతి రొట్టె జర తిని పోదామని ఒచ్చిన."

ఇన్నేళ్లూ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను.

"గొడ్ల మేత నీకెట్ల పెడ్త అత్తా?" అన్నాను. ఆమె కంచంలో తెల్లన్నం కుప్పగా వడ్డించి, ఎదురుగా కూర్చుని నా రొట్టె తుంచాను. ఆమె ముఖం మాడిపోయింది. నాకు హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి...

అమ్మ లేచి వెళ్లి మళ్లీ పిండి కలిపింది. అత్తకు రెండు రొట్టెలు పెట్టింది. అత్త తిన్నది, తప్పయిందని ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. అమ్మ వదిలేసింది. నేను వదలను.

ఇప్పుడు మా ఆఫీసు క్యాంటీన్‌లో జొన్న రొట్టెల దగ్గరే పెద్ద వరుస... ఎవరూ మూతి తిప్పరు. మా అమ్మకే, పెనం మీద రొట్టె కాలిందో లేదో కనబడదు. వేలితో తాకి చూస్తుంది. రోజూ చెయ్యి కాల్చుకుంటుంది.

మీ ఇంట్లో ఎవరి మాటకు ఏ వంట ఆగిపోయింది? రాయండి... ఏ వరస చుట్టమో దాచకండి.